రెండు ముక్కలైనా విరగని సైకిల్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. యంగ్ గుణకాల పట్టిక చూసి ఒకమ్మాయి అడిగింది: "సార్, టైటానియం గుణకం ఉక్కులో సగమే కదా, మరి లక్షలు పోసి ఆ లోహంతో సైకిల్ ఎందుకు చేయించుకుంటారు?"

మంచి ప్రశ్న. ఉక్కు సాంద్రత 7.8, టైటానియానిది 4.5. తేలిక కాబట్టి గొట్టాన్ని లావు చేసుకోవచ్చు. గోడ మందం మార్చకుండా వ్యాసం రెట్టింపు చేస్తే బరువు రెండింతలే, వంగకుండా నిలిచే గుణం మాత్రం ఎనిమిదింతలు! విమానాల హైడ్రాలిక్ పైపుల కోసం పుట్టిన మిశ్రమమే (3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వనేడియం) తర్వాత సైకిల్ గొట్టమైంది. తుప్పు పట్టదు, రంగు వేయనక్కర్లేదు, ప్రయాణంలో పెట్టెలో పెట్టినప్పుడు గీతలు పడినా చింత లేదు.

పోటీలు మానేసిన ప్రొఫెషనల్ రేసర్‌కు కావలసిందీ అలాంటి బండే. తన ఒంటి కొలతలకు చేయించుకున్న బండి ఏ ఊరికైనా వెంట రావాలి. విమానాల్లో మామూలు లగేజీ పెట్టెకు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లే హద్దు. కాబట్టి ఫ్రేమును మధ్యలో కోయాలి. నాకు ప్రాణమైన భాగం ఆ కోత దగ్గరే ఉంది.

కాలిఫోర్నియాలో స్టీవ్ స్మిలానిక్ రూపొందించిన ఎస్ అండ్ ఎస్ కప్లింగ్ చూడండి. పై గొట్టంలో ఒకటి, కింది గొట్టంలో ఒకటి. ఒక్కో దానిలో రెండు సగాలు, అంచున పళ్లు. వేళ్లలో వేళ్లు జొనిపినట్టు అవి కలుస్తాయి. పళ్ల పక్కలు నిటారుగా ఉండవు, ఏటవాలుగా ఉంటాయి. పైనున్న నట్టు బిగించే కొద్దీ పళ్లు లోతుకు దిగి సందు పూడిపోతుంది. ఏళ్లు గడిచి అరిగినా ఇంకాస్త బిగిస్తే చాలు, ఆట (వదులు) పోతుంది. రేసర్ లేచి నిలబడి తొక్కినప్పుడు వచ్చే మెలి బలాన్ని పళ్లు కాస్తాయి, నట్టు కాదు. నట్టు పని రెండు సగాలనూ దగ్గరకు లాగి ఉంచడమే. రోడ్డు మీద గొట్టాన్ని లాగే బలం కంటే ఆ బిగింపు ఎక్కువ కాబట్టి అతుకు తెరుచుకోదు. నట్టు మరలకు గ్రీజు మాత్రం మరవకూడదు.

దీనికి పోటీ టామ్ రిచీ పద్ధతి: కింద పెడల్ ఇరుసు దగ్గర చిన్న క్లాంపు, పైన సీటు కడ్డీనే పిన్నుగా వాడుకుంటారు. ఇంకా తేలిక. అయినా నా ఓటు పళ్లకే.

ఇక ఈ ఫ్రేము తయారీలో వెల్డింగే కష్టం. ఎర్రగా కాలిన టైటానియం గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లను పీల్చి పెళుసవుతుంది. అందుకే గొట్టం లోపలా బయటా ఆర్గాన్ నింపి అతుకుతారు. అతుకు వెండిలా మెరిస్తే మంచిది; నీలం, బూడిద తిరిగితే గాలి తగిలినట్టే.

ఈ లోహం మనకు దూరం కాదు. ఎల్బీ నగర్ నుంచి చంపాపేట వైపు వెళ్తే కంచన్‌బాగ్. అక్కడ 1973లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ మిధాని టైటానియం మిశ్రమాలు తయారు చేస్తుంది. పక్కనే ఉన్న రక్షణ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ టైటానియం స్పాంజ్ (ముడి లోహం) తయారీ విధానాన్ని అభివృద్ధి చేసి కేరళకు ఇచ్చింది. 2011లో అక్కడి చవరలో ప్లాంటు మొదలైంది.

మెకానికల్ చదివే పిల్లలూ, ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటుంటే ఈ కప్లింగ్ పట్టుకోండి. ముందు మైల్డ్ స్టీల్‌తో ఒక జత చేయండి. పళ్ల వాలు మార్చి మార్చి, ఎక్కడ ఆట పూర్తిగా పోతుందో కొలిచి చూడండి.