డిస్కులలో ఖాళీ ఎంత?

శంషాబాదు విమానాశ్రయము దాటి బెంగుళూరు రహదారి వెంట దక్షిణముగా పోయినచో షాద్‌నగరు వచ్చును. అచ్చట జాతీయ దూరసంవేదన కేంద్రమువారి భూకేంద్రము గలదు. 1979లో అమెరికావారి లాండ్‌శాట్ చిత్రములను అందుకొనుటతో ఆరంభమై, 1988 మార్చి 17న ఎగిరిన మన ఐ.ఆర్.ఎస్.-1ఎ మొదలు అనేక భారతీయ ఉపగ్రహముల చిత్రములను ఇది స్వీకరించినది. పైరులు, చెరువులు, అడవులు అచ్చట అంకెల రూపమున నిలిచియున్నవి. 1986 ఆగస్టు నాటి గోదావరి వరదను నేడు ఎవరును మరల చిత్రించలేరు గదా! ఇట్టి సమాచారము పోయినచో పోయినట్లే. కనుక దానిని ఒక్క డిస్కును నమ్మి ఉంచరాదు.

ఆ 1988లోనే బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు చెందిన పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు ఒక పద్ధతిని వివరించిరి. చౌక డిస్కులను పెక్కింటిని జతపరచి, ఒకటి చెడినను సమాచారము మిగులునట్లు చేయుటయే ఆ పద్ధతి. దానికి 'రెయిడ్' అని పేరు. 2009లో లినక్సులో చేరిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అను ఫైలు వ్యవస్థ ఈ పనిని తానే చేయగలదు. అయితే, అందు చోటు ఎంత మిగిలినదో తెలిసికొనుట అంత సులభము కాదు. ఏలయన:

మొదటిది, కొలతలోని తేడా. డిస్కు చేయువారికి టెరాబైటనగా లక్ష కోట్ల బైట్లు. కంప్యూటరు తరచుగా 1024 గుణిజములతో లెక్కించును. అందుచే 6 టెరాబైట్ల డిస్కు 5.46గా కనిపించును. ఇందు నష్టమేమియు లేదు. శేరు మారినది, ధాన్యము మారలేదు.

రెండవది, జంట ప్రతులు. 6, 2, 2 టెరాబైట్ల డిస్కులు మూడున్నవనుకొందము. మొత్తము 10. ప్రతి ఫైలును రెండు వేర్వేరు డిస్కులలో ఉంచవలెనన్నచో 5 పట్టునని తోచును. కాని పెద్ద డిస్కులోని ప్రతికి జత చిన్న డిస్కులలోనే ఉండవలెను. అవి రెండును కలిసి 4 మాత్రమే! కనుక పట్టునది 4. పెద్ద డిస్కులో 2 టెరాబైట్లు ఖాళీగా కనబడుచునే నిరుపయోగమగును.

మూడవది, కేటాయింపు. ఈ వ్యవస్థ డిస్కును సాధారణముగా గిగాబైటు ప్రమాణముగల గదులుగా విభజించి, కొన్నిటిని ఫైళ్లకును, కొన్నిటిని ఫైళ్ల జాబితాలకును ఇచ్చును. గదులన్నియు ధాన్యమునకే ఇచ్చివేసినచో లెక్కల పుస్తకమునకు చోటుండదు. అపుడు ధాన్యపు గదులు సగము ఖాళీగా ఉన్నను 'చోటు లేదు' అను మాట వచ్చును. అరకొరగా నిండిన గదులను కలిపి కొన్నిటిని ఖాళీచేయుటయే దీనికి మందు; దీనిని 'బ్యాలెన్సు' అందురు.

నాలుగవది, స్నాప్‌షాట్లు. ఒకనాటి స్థితిని స్నాప్‌షాటుగా నిలిపినపుడు, తరువాత ఫైలును తుడిచినను దాని చోటు విడుదల కాదు. ఆ స్నాప్‌షాటును కూడ తొలగింపవలెను.

కాబట్టి ఖాళీ ఎంత అను ప్రశ్నకు ఒక్క అంకె చాలదు. నిండినదెంత, కేటాయించినదెంత, ఇంకను కేటాయించనిదెంత అని మూడును చూడవలెను. మరియొక్క మాట: జంట ప్రతి డిస్కు చెడుట నుండి కాపాడును గాని, పొరపాటున తుడిచినచో రెండు ప్రతులును ఒక్కసారే పోవును. విలువైన సమాచారమునకు వేరొక ఊరిలో వేరొక ప్రతి ఉండుటయే క్షేమము.