ఠాణాలో లాఠీ పట్టని సాయం

పోలీసులకు సాయం చేయడమంటే మనకు చటుక్కున గుర్తొచ్చేవి కూడలిలో ట్రాఫిక్ చూడడం, జాతరలో తాడు పట్టుకుని నిలబడడం. ఒక బల్ల, ఒక కలం, కాస్త ఓపిక ఉంటే చేయగలిగే సాయం ఇంకొకటుంది. వచ్చినవాళ్ల మాట వినడం, వాళ్లు చెప్పింది కాగితం మీద పెట్టడం, చదివి వినిపించడం, ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పడం. ఖమ్మం పోలీస్ కమిషనరేట్ మొదలుకొని భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం అడవుల దాకా ఈ సాయం ఎంత అవసరమో, దానికి చట్టంలో ఎంత చోటుందో చెప్పే విశేషాలివి.

◆ పోలీస్ స్టేషన్‌లో వాలంటీర్ ఉండాలని సాక్షాత్తూ సుప్రీంకోర్టే చెప్పిందని తెలుసా? తప్పిపోయిన పిల్లల గురించి బచ్‌పన్ బచావో ఆందోళన్ సంస్థ వేసిన కేసులో 2013 మే 10న ఆ మాట వచ్చింది. పిల్లల మీద జరిగే నేరాల ఫిర్యాదులను స్టేషన్‌లో ఎలా తీసుకుంటున్నారో కనిపెట్టి చూడడానికి కనీసం ఒక పారా లీగల్ వాలంటీర్ షిఫ్టుల వారీగా ఉండాలని కోర్టు ఆదేశించింది. ఈ వాలంటీర్లను ఎంపిక చేసేది పోలీసులు కాదు, న్యాయ సేవాధికార సంస్థ. కూర్చునేది ఠాణాలో, జవాబు చెప్పేది జడ్జి ఆధ్వర్యంలోని సంస్థకు. ఈ ఏర్పాటులోని బలమంతా ఇక్కడే ఉంది. ఎస్సైకి కోపం వస్తుందేమోనన్న జంకు లేకుండా, వచ్చిన మనిషి పక్షాన రెండు మాటలు అడిగే వీలుంటుంది. వీళ్లకు జీతం ఉండదు, పనిచేసిన రోజులకు గౌరవ వేతనం మాత్రం ఇస్తారు.

◆ దీనికి లా చదవనక్కర్లేదు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2009లో తెచ్చిన పథకం ప్రకారం చదవడం రాయడం వస్తే చాలు, పదో తరగతి పాసైతే మరీ మంచిది. టీచర్లు, రిటైరైన ఉద్యోగులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పొదుపు సంఘాల మహిళలు, లా విద్యార్థులు ఎవరైనా రావచ్చు. సత్ప్రవర్తనతో దీర్ఘకాలం శిక్ష అనుభవిస్తున్న చదువుకున్న ఖైదీలకు కూడా ఆ పథకంలో చోటిచ్చారు. జైలు లోపల తోటి ఖైదీకి అప్పీలు గురించి చెప్పడానికి అంతకంటే తగిన మనిషి ఎవరుంటారు?

◆ అడవి అంచున ఫిర్యాదు రాయడం ఎంత కష్టమో ఎఫ్ఐఆర్ ఫారం చూస్తే తెలుస్తుంది. ఏ తేదీ, ఎన్ని గంటలకు, స్టేషన్‌కు ఏ దిక్కున, ఎంత దూరంలో జరిగిందీ అని గడులు ఉంటాయి. గూడెం నుంచి వచ్చిన పెద్దాయన చెప్పే లెక్క వేరు. తునికాకు కల్లం మూసిన వారంలో, సంత నుంచి తిరిగొస్తుంటే, రెండో వాగు దాటాక ఇప్పచెట్టు కింద అంటాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. తేదీ ఉంది, సమయం ఉంది, చోటు ఉంది. ఫారానికి అర్థమయ్యే రూపంలో లేవు, అంతే.

కల్లం ఏ రోజు మూశారో అటవీ శాఖ వాళ్లను అడిగి, సంత ఏ వారమో చూసుకుని, కేలెండర్ తిప్పి తేదీ పట్టుకోవాలి. సంత నుంచి బయల్దేరేసరికి పొద్దు ఎక్కడుందో అడిగితే గంట తెలుస్తుంది. వాగుకు ఇటుపక్కా అటుపక్కా ఏ గూడెం ఉందో అడిగితే దూరం తేలుతుంది. ఇవన్నీ తీరిగ్గా కూర్చుని అడగవలసిన ప్రశ్నలు. బందోబస్తుకు సగం మంది వెళ్లిపోయిన స్టేషన్‌లో రైటర్‌కు అంత తీరిక దొరకదు. అడగకపోతే ఆ తేదీ ఏదో ఒకటి పడిపోతుంది, ఏడాది తర్వాత కోర్టులో డిఫెన్స్ వకీలు సరిగ్గా అక్కడే పట్టుకుంటాడు. ఫిర్యాదు రాసే చోట పది నిమిషాలు ఎక్కువ కేటాయించడమే కేసుకు ప్రాణం అని నా గట్టి నమ్మకం.

◆ 2011 జనాభా లెక్కల్లో కోయ మాతృభాష అని చెప్పినవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా నాలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. అటు ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచి వచ్చినవాళ్ల కోయలో హిందీ ఎక్కువ, ఇటు పాల్వంచ వైపు కోయలో తెలుగు ఎక్కువ వినిపిస్తుంది. మిరప ఏరే కాలంలో ఛత్తీస్‌గఢ్ కూలీలు ఖమ్మం చుట్టుపక్కల చేలకు దండిగా వస్తారు. కూలి డబ్బుల తగాదా వచ్చినా, ట్రాలీ బోల్తా పడినా స్టేషన్‌లో వాళ్ల మాట అర్థమయ్యే మనిషి కావాలి. అందుకే దుబాసీ అవసరం అడవిలోనే కాదు, ఖమ్మం నగరంలోనూ ఉంది.

◆ దుబాసీ సంగతి చట్టంలోనే రాసి ఉంది. లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణ కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, బిడ్డ భాష పోలీసుకు రాకపోతే అర్హత ఉన్న అనువాదకుణ్ని పెట్టాలి, ఫీజు ఇవ్వాలి. బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరో, బిడ్డ కోరిన చోటో తీసుకోవాలి. తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. రాత్రి వేళ బిడ్డను ఏ కారణంతోనూ స్టేషన్‌లో ఉంచకూడదు.

◆ 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. ప్రతి జిల్లాలో పిల్లల కోసం ఉండే ప్రత్యేక పోలీసు యూనిట్‌కు డీఎస్పీ స్థాయి అధికారి నాయకత్వం వహిస్తాడు, అందులో ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండాలి, వారిలో ఒకరు మహిళ కావాలి. అంటే బయటి మనిషికి పోలీసు యూనిట్‌లోనే సభ్యత్వం.

◆ భద్రాచలం భూగోళం విచిత్రం. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టూ ఉన్న మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, పట్టణం తెలంగాణలో మిగిలింది. ఊరి పొలిమేర దాటి ఎటపాకలో అడుగుపెడితే వేరే రాష్ట్రం, వేరే పోలీసు. చర్ల దాటితే ఛత్తీస్‌గఢ్. ఇది మా లిమిట్స్ కాదు అన్న మాట ఇక్కడి జనం తరాలుగా విన్నారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఆ మాటకు తావు లేకుండా చేసింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. నోటితో చెప్పినా రాసుకోవాలి, చదివి వినిపించాలి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చునే వాలంటీర్‌కు ఈ ఒక్క సెక్షన్ కంఠతా వస్తే సగం పని అయినట్టే.

◆ ఆడవాళ్లను, పదిహేనేళ్ల లోపు మగపిల్లలను, అరవై దాటినవారిని, వికలాంగులను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మని ఒత్తిడి చేయకూడదు. పోలీసే వాళ్ల ఇంటికి వెళ్లాలి.

◆ మన దగ్గర పంచనామాకు కూర్చునే ఇద్దరు మధ్యవర్తులు కూడా ఒక రకంగా వాలంటీర్లే. సోదా చేసేటప్పుడు ఆ ప్రాంతంలో గౌరవంగా బతికే స్వతంత్రులైన ఇద్దరిని పిలవాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 100వ సెక్షన్, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 103వ సెక్షన్ చెబుతాయి. వాళ్లు దొరక్క చాలాసార్లు పంచాయతీ ఉద్యోగులే సంతకాలు పెడుతుంటారు. జీతం లేకపోయినా ఈ సంతకం బాధ్యత చిన్నది కాదు. చదవకుండా సంతకం పెట్టవద్దు.

◆ స్టేషన్ రికార్డు విలువ తెలిసిన వాళ్లలో అల్లూరి సీతారామరాజు ఒకరు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోతూ, ఏమేం తీసుకున్నదీ అక్కడి రికార్డులో రాసి సంతకం పెట్టారని చరిత్రకారులు రాశారు. అప్పట్లో భద్రాచలం తాలూకా కూడా మద్రాసు ప్రెసిడెన్సీ కింది గోదావరి ఏజెన్సీలోదే, ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. స్టేషన్‌లో జనరల్ డైరీ రాయాలన్న నియమం అంతకంటే పాతది, 1861 పోలీసు చట్టం 44వ సెక్షన్. దొరల పుస్తకంలో తన లెక్క తానే రాసిన ఆ తెగువ ఈ మన్యానిది.

◆ అదే 1861 చట్టంలో 17వ సెక్షన్ ఉంది. స్థానికులను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా తీసుకోవచ్చన్నది దాని సారాంశం. అలాంటి వీలునే వాడుకుని పొరుగున ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన యువకులకు నెలకు 3000 రూపాయల గౌరవ వేతనంతో తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపారు. సుప్రీంకోర్టు 2011 జులై 5న నందినీ సుందర్ కేసులో అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. మావోయిస్టులకు వ్యతిరేకంగా 2005లో మొదలైన సల్వా జుడుం రోజుల్లో అడవి దాటి వచ్చిన గొత్తికోయల కుటుంబాలు ఇవాళ్టికీ మన వైపు గూడేల్లో బతుకుతున్నాయి.

ఈ ముచ్చట ఇక్కడ ఎందుకంటే, పోలీసులతో కలిసి తిరిగాడన్న అనుమానం ఈ అడవుల్లో ఎన్నో ప్రాణాలు తీసింది. ఇన్ఫార్మర్ అన్న ముద్ర వేసి చంపిన ఘటనలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. అందుకే ఇక్కడ వాలంటీర్ పని నలుగురికీ కనిపించే బల్ల దగ్గరే జరగాలి. ఫిర్యాదు రాయడం, అనువాదం చేయడం, దారి చెప్పడం, అంతవరకే. ఊళ్లో ఎవరొచ్చారు, ఎవరు వెళ్లారు అని అతన్ని ఏ అధికారీ అడగకూడదు. ఈ గీత దాటితే ఆ వాలంటీర్‌కూ ప్రమాదం, ఆ బల్ల దగ్గరికి జనం రావడమూ మానేస్తారు.

◆ హోంగార్డులు కూడా మొదట వాలంటీర్లే. 1946 డిసెంబర్ 6న బొంబాయిలో అల్లర్ల సమయంలో పౌరులతో ఏర్పడిన దళం అది. 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతా పునర్వ్యవస్థీకరించారు. ఇవాళ మన హోంగార్డుల్లో ఎంతోమందికి అదే బతుకుతెరువు. తెలంగాణలో రోజు భత్యం 921 రూపాయల నుంచి 2025 జనవరిలో 1000కి పెరిగింది. వాలంటీర్ పేరుతో ఏళ్ల తరబడి పూర్తికాలం పని చేయించుకుంటే అది ఉద్యోగమే అవుతుంది, దానికి ఉద్యోగ భద్రతా ఇవ్వాలి.

◆ ప్రపంచంలో ఎక్కడేముంది? ఇంగ్లండ్‌లో జీతం లేని స్పెషల్ కానిస్టేబుళ్ల చట్టం 1831 నాటిది. యూనిఫాం వద్దనుకునే వాళ్లకు పోలీస్ సపోర్ట్ వాలంటీర్ పని ఉంది, ఫ్రంట్ కౌంటర్లు చూస్తారు, సీసీటీవీ ఫుటేజీ గమనిస్తారు. సింగపూర్ వాలంటీర్ స్పెషల్ కానిస్టేబులరీ 1946లో పుట్టింది. జపాన్ వీధి మొగల్లోని చిన్న పోలీసు ఠాణాల్లో రిటైరైన పోలీసులు సలహాదారులుగా కూర్చుని దారి చెబుతారు, పోగొట్టుకున్న వస్తువుల సంగతి చూస్తారు.

◆ భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, అదే రికార్డు. 2022 జులైలో 71.3 అడుగులకు ఎక్కి వంతెన మీద రాకపోకలు ఆపేయవలసి వచ్చింది. అలాంటి రోజుల్లో కంట్రోల్ రూమ్‌లో ఫోనెత్తి, ఏ గూడెంలో ఎవరు చిక్కుకున్నారో, బాలింతలు ఎందరో, ఎవరికి ఏ మందు కావాలో పేరుపేరునా రాసేవాళ్లు పడవ నడిపేవాళ్లతో సమానం. శ్రీరామనవమికి మిథిలా స్టేడియం దగ్గర తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చదివే పనీ అలాంటిదే. బిడ్డకు వచ్చిన భాషలో పిలిస్తేనే బిడ్డ పలుకుతుంది.

◆ ఇంట్లో కూర్చుని చేసే సాయం కూడా ఉంది. కేంద్ర హోం శాఖ సైబర్ నేరాల సమన్వయ కేంద్రం సైబర్ వాలంటీర్లను నమోదు చేసుకుంటుంది. వాళ్లు చట్టవిరుద్ధమైన పోస్టులను ఎత్తిచూపవచ్చు, జనానికి అవగాహన కల్పించవచ్చు. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయమని మీ వీధిలో నలుగురికి చెప్పినా సాయమే.

◆ చివరగా, ఆదివాసీలకు, దళితులకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 న్యాయ సేవాధికార చట్టం 12వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. హెల్ప్‌లైన్ 15100.

కోయ వచ్చిన ఇంటర్, డిగ్రీ పిల్లలు ఇవాళ భద్రాచలంలో, కొత్తగూడెంలో, ఖమ్మం హాస్టళ్లలో వందల మంది ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలకు దొరకని దుబాసీ వాళ్లే. ఖమ్మం, కొత్తగూడెం కోర్టు ప్రాంగణాల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయాలున్నాయి. పారా లీగల్ వాలంటీర్ల నోటిఫికేషన్ పడినప్పుడు దరఖాస్తు పెట్టండి, పడకపోతే ఎప్పుడు వేస్తారని వెళ్లి అడగండి.