ముడతలలోనే ఉన్నది అందం

కాచిన పాలను కదపకుండా ఉంచితే పైన మీగడ తెట్టు కట్టి, కాసేపటికి ముడతలు పడుతుంది. పాత మోటారు కార్ల లోపలి ఉక్కు రేకులపై కనిపించే నల్లని గరుకు పూత పుట్టుకా ఇంచుమించు ఇటువంటిదే. టుంగ్ గింజల నూనె కలిసిన రంగులో పైపొర ముందుగా ఎండుతుంది. అడుగుభాగం ఇంకా మెత్తగానే ఉంటుంది. పైపొర ఉబ్బి, చోటు చాలక ముడుచుకొనిపోతుంది. రంగులవానికి దోషంగా తోచే ఈ గుణాన్నే తయారీదారులు అక్కరకు తెచ్చుకొన్నారు. రేకులోని చిన్న సొట్టలను ముడతలు కప్పివేస్తాయి. ఎండ తళుక్కుమని డ్రైవరు కళ్ళలో పడదు.

ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1962 నుండి తయారైన ఎం.జి.బి. స్పోర్ట్సు కారు డాష్‌బోర్డు ఇందుకు చక్కని ఉదాహరణ. అమెరికా భద్రతా నిబంధనల మూలంగా ఆ దేశానికి వెళ్ళే కార్లలో 1968 నమూనా నుండి దిండు వంటి మెత్తని డాష్‌బోర్డు వచ్చింది. తొలినాళ్ళ ఉక్కు ఫలకం ఉన్నవారు దానిని ప్రాణప్రదంగా చూసుకోవడంలో వింత లేదు.

అయితే దానిని బాగుచేయబోయి పాడుచేయడం అతి సులభం. గీతలు పడిన చోట మాత్రం గరుకు కాగితంతో రుద్ది రంగు పూస్తే, అక్కడ నున్నని మచ్చ మిగులుతుంది. ఆ మచ్చపై మళ్ళీ ముడతల రంగు చల్లినా పాత ముడతలతో కలవదు. కనుక మొదట తేల్చుకోవలసినది ఒక్కటే: ఉంచడమా, ఊడ్చివేయడమా? పూత గట్టిగా ఉండి, కేవలం మాసిపోయి ఉంటే, సబ్బునీరు, మెత్తని పళ్ళ కుంచె చాలు. మైనం మాత్రం పనికిరాదు. ముడతల సందుల్లో తెల్లగా పేరుకొంటుంది. ఒకసారి గీకివేసిన అసలు పూత తిరిగి రాదు. ప్లాస్టిక్ తొడుగు అతికించి లోపాన్ని దాచేవారూ లేకపోలేదు. అది మరమ్మతు కాదు, తొందరపాటు.

తుప్పు లోపలికి పాకినా, ఎవరో పూర్వపు యజమాని రేడియో కోసం కన్నాలు పొడిచినా, మొత్తం ఊడ్చక తప్పదు. బ్యాటరీ తీగలు విప్పి, ప్రతి తీగకూ చీటీ కట్టి, మీటర్లు తీసి, ఫలకాన్ని బయటికి తేవాలి. ఆ కాలపు రంగులలో సీసం ఉండవచ్చు గనుక పొడిగా రుద్ది ధూళి రేపరాదు. రంగును కరిగించే మందే మేలు. కన్నాలు పూడ్చి, నున్నచేసి, ప్రైమరు పూసి బాగా ఆరనివ్వాలి.

అసలు పరీక్ష ఇక్కడే. రంగును పలుచగా కాక దళసరిగా, ఒకసారి అడ్డంగా, కొద్ది నిమిషాలాగి నిలువుగా, మరల ఏటవాలుగా చల్లాలి. పూత ఎంత మందమైతే ముడత అంత పెద్దది. అంచుల వద్ద రంగు పలచబడితే అక్కడ ముడత పడనే పడదు. వేడి తగిలితే ముడతలు త్వరగా లేస్తాయి. కాని వేడి అంతటా సమంగా తగలాలి. దీపం ఒక మూలకే దగ్గరైతే, ఆ మూల ఒక తీరు, మిగిలినది ఒక తీరు. ఫలకాన్ని నిలబెడితే రంగు జారుతుంది, పడుకోబెట్టాలి. పాత రేకు ముక్కలపై నాలుగైదుసార్లు చేయి తిప్పుకొననిదే డాష్‌బోర్డు జోలికి పోరాదు. చేయి తప్పితే మందు పూయడం దగ్గరనుండి మళ్ళీ మొదలు!

ముడతలు కనబడగానే పని అయిందనుకొని మీటర్లు బిగిస్తే, ఇంకా మెత్తగా ఉన్న పూతలో వాటి అంచులు దిగబడతాయి. కొన్ని రోజులు ఓపిక పట్టాలి. చివరన బ్యాటరీ. 1967కు ముందరి ఎం.జి.బి.లలో సీట్ల వెనుక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలుంటాయి. కారు దేహానికి కలిపేది ధన ధ్రువం. నేటి కార్ల అలవాటుతో తారుమారు చేస్తే, వారాల శ్రమతో మెరుగుదిద్దిన ఫలకం వెనుకనే, తరువాత అమర్చిన రేడియో మాడిపోవచ్చు.