స్టాంపు కాగితపు విడాకులు: ఆచారం, చట్టం, స్త్రీ

1. ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లాలోని చిలకలూరిపేట పత్తి, మిరప పంటల నడుమ ఎదిగిన వ్యాపార పట్టణం. ఇటువంటి పట్టణాలలోను, చుట్టుపక్కల పల్లెలలోను ఆలుమగల మధ్య పొసగనప్పుడు తగవు తరచుగా ముందు పెద్దమనుషుల వద్దకే చేరుతుంది. పెట్టిపోతల లెక్క తేల్చి, స్టాంపు కాగితంపై ఇరుపక్షాల చేత సంతకాలు చేయిస్తారు. ఆ రోజుతో విడాకులు అయిపోయాయని అందరూ భావిస్తారు. ఆ కాగితానికి చట్టంలో ఉన్న విలువ ఎంత, అది చెల్లనప్పుడు భారం ఎవరిపై పడుతుంది అన్నవి ఈ వ్యాసంలోని ప్రధానాంశాలు.

2. ఆచారానికి చట్టం పెట్టిన షరతు

తెలుగునాట అనేక కులాలలో వివాహబంధాన్ని తెంచుకోవడం, స్త్రీ తిరిగి మనువాడడం పూర్వం నుంచి ఉన్నవే. మారుమనువు అన్న పదమే ఇందుకు సాక్ష్యం. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలలో ఈ ఆచారం పలుచోట్ల నమోదైంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం దీనిని తోసిపుచ్చలేదు. ఆచారసిద్ధమైన విడాకుల హక్కును 29(2) సెక్షను ద్వారా నిలిపి ఉంచింది.

అయితే చట్టం దృష్టిలో ఆచారమంటే చిరకాలంగా, ఎడతెగకుండా, ఒకే రీతిగా పాటిస్తూ వచ్చినది. దానిని ఆధారం చేసుకొనేవారే ప్రత్యేకంగా ప్రస్తావించి రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2002 నాటి తీర్పులో స్పష్టం చేసింది. రుజువు కానిపక్షంలో స్టాంపు కాగితం ఇద్దరి మధ్య ఒప్పందం మాత్రమే. వివాహాన్ని రద్దు చేసే శక్తి దానికి లేదు. నోటరీ ముద్ర వలన కూడా ఆ శక్తి రాదు.

3. భారం ఎవరిపై?

మొదటి వివాహం చట్టరీత్యా నిలిచి ఉండగా జరిగిన రెండవ వివాహం 5, 11 సెక్షన్ల ప్రకారం చెల్లదు. కాగితాన్ని నమ్మి మారుమనువు చేసుకొన్న స్త్రీని రెండవ భర్త విడనాడితే, అతడు అడిగే మొదటి ప్రశ్న ఆమె తన భార్య అవునా కాదా అన్నదే. మనోవర్తి కోరే భార్య అంటే చట్టబద్ధంగా వివాహమాడిన స్త్రీయేనని 2005లో సుప్రీంకోర్టు చెప్పడంతో ఈ వాదానికి బలం చేకూరింది. సంతకం ఇద్దరిదైనా నష్టం ప్రధానంగా ఆమెదయింది.

పిల్లల విషయంలో చట్టం కొంత మెరుగు. వివాహం చెల్లకపోయినా సంతానం ధర్మబద్ధమైనదేనని 16వ సెక్షను చెబుతుంది. ఉమ్మడి ఆస్తిలో తల్లిదండ్రులకు దక్కే వాటాలో వారికీ హక్కు ఉందని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పిల్లలు ఎవరి వద్ద ఉండాలో కాగితంలో రాసుకొన్నా, అది న్యాయస్థానాన్ని కట్టివేయదు. 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం బిడ్డ క్షేమమే ప్రధానం.

4. 2025 తీర్పు

హైదరాబాదు నుంచి వెళ్లిన ఒక వ్యాజ్యం ఈ సమస్యకు అచ్చమైన ఉదాహరణ. ఆమె 2005లో మొదటి భర్త నుంచి ఒప్పంద పత్రంతో విడిపోయింది; కోర్టు డిక్రీ లేదు. ఆ సంగతి తెలిసే రెండవ వ్యక్తి ఆమెను వివాహమాడాడు. కుటుంబ న్యాయస్థానం మంజూరు చేసిన మనోవర్తిని తెలంగాణలో హైకోర్టు రద్దు చేసి, కుమార్తెకు మాత్రం కొనసాగించింది. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు ఆమె మనోవర్తిని పునరుద్ధరించింది. తెలిసి పెళ్లాడినవాడు ఆ లోపాన్నే చూపి బాధ్యత తప్పించుకోరాదన్నది ఈ తీర్పు సారాంశం. కాని ఇది ఆ వివాహాన్ని చెల్లుబాటు చేయలేదు. ఒప్పంద పత్రాన్ని విడాకులుగా గుర్తించలేదు.

5. ముగింపు

పరస్పర అంగీకారంతో విడిపోదలచినవారికి 1976 సవరణ ద్వారా 13బి సెక్షను వచ్చింది. ఏడాది ఎడబాటు తరువాత అర్జీ పెట్టుకోవచ్చు. ఆ పిమ్మట ఆరు నెలలు వేచి ఉండాలన్న నియమాన్ని తగిన సందర్భాలలో న్యాయస్థానం సడలించవచ్చని 2017లో సుప్రీంకోర్టు తెలిపింది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో ఉంది. అయితే 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం, జనాభా పది లక్షలు దాటిన నగరాలకే అటువంటి న్యాయస్థానాన్ని తప్పనిసరి చేసింది. చిన్న పట్టణాల విషయం ప్రభుత్వ విచక్షణకు వదిలింది.

పెద్దమనుషుల రాజీని నిందించినంత మాత్రాన సమస్య తీరదు. రాజీలో కుదిరిన షరతులనే 13బి అర్జీలో చేర్చి డిక్రీ పొందవచ్చు. ఆ ఒక్క అడుగు పడితే స్త్రీ మారుమనువు మరొకరి దయపై ఆధారపడదు. సంస్కరణ కొత్త సెక్షన్లతోనే ముగియదు. స్టాంపు కాగితం నుంచి డిక్రీ వరకు ఉన్న దూరాన్ని తగ్గించడం కూడా అందులో భాగమే.