పడమటి కిటికీకి ఫిల్మ్ వేయించే ముందు: అపోహలు – వాస్తవాలు

నరసాపురంలో ఇప్పుడు కడుతున్న ఇళ్లలో చెక్క రెక్కల కిటికీలు బాగా తగ్గిపోయాయి. వాటి చోట అల్యూమినియం చట్రాల్లో అటూ ఇటూ జరిగే అద్దాలు, ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే యూపీవీసీ కిటికీలు వస్తున్నాయి. చెక్క రెక్క మూస్తే ఎండ ఆగేది. అద్దం మూస్తే గాలి ఆగుతుంది గానీ ఎండ ఆగదు. గృహప్రవేశం అయ్యాక మొదటి ఎండాకాలం వచ్చేదాకా ఈ తేడా తెలియదు. తెలిశాక చుట్టాల్లో ఎవరో ఒకరు అద్దాలకు ఫిల్మ్ వేయించమంటారు. వేయించుకోవచ్చు, పనికొచ్చే వస్తువే. కాకపోతే దాని గురించి మనకు చేరిన మాటల్లో చాలావరకు కార్ల నుంచి, చలిదేశాల ఇళ్ల నుంచి, పెద్ద నగరాల అద్దాల మేడల నుంచి వచ్చినవి. వసిష్ఠ గోదావరి ఒడ్డున, సముద్రపు గాలి తగిలే ఊరికి వాటిలో కొన్నే వర్తిస్తాయి.

అపోహ: ఫిల్మ్ వేస్తే ఇంట్లో ఉక్క తగ్గుతుంది.

ఎండ వేరు, ఉక్క వేరు. మే నెలలో మనకు పొద్దున్నుంచీ పడమటి గాలి సెగలా కొడుతుంది. మధ్యాహ్నం తర్వాత సముద్రం వైపు నుంచి గాలి తిరిగితే వేడి కాస్త దిగుతుంది, తేమ పెరుగుతుంది. ఆ గాలి తిరగని రోజున ఊపిరాడదు. వానలు మొదలయ్యాక ఎండ తగ్గినా చెమట ఆరదు. వీటన్నిటిలో ఫిల్మ్ చేయగలిగిన పని ఒక్కటే: అద్దం మీద పడి లోపలికి దూసుకొచ్చే సూర్యకాంతిలోని వేడిని కొంత ఆపడం. గాలిలోని తేమను అది తగ్గించలేదు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పదింటి దాకా దించే సెగతో దానికి సంబంధమే లేదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఫిల్మ్ పనిచేయాలంటే ఆ అద్దం ఎండకు అడ్డంగా మూసి ఉండాలి. సాయంత్రం గాలి కోసం కిటికీ తెరిచే ఇంట్లో, తెరిచిన మేర దాని ప్రయోజనం సున్నా. మన ప్రాంతంలో కిటికీ తెరవడం ఉత్త అలవాటు కాదు, అవసరం. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో ఇళ్ల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఈ విషయాన్ని అంకెల్లో చెప్పింది. కోస్తా ఆంధ్ర లాంటి ఉష్ణ-ఆర్ద్ర మండలంలో తెరుచుకునే కిటికీలు, తలుపుల వైశాల్యం ఇంటి నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం ఉండాలంది. పొడిగా మండే ప్రాంతాలకు ఆ సంఖ్య 10, చలి ప్రాంతాలకు 8.33. అయిదు మండలాల్లోనూ మనకే ఎక్కువ. అలాంటి చోట సగం మాత్రమే తెరుచుకునే జరుగుడు అద్దాలు పెట్టి, వాటికి ఫిల్మ్ అంటించి, ఇల్లు చల్లబడాలని చూస్తే నిరాశే మిగులుతుంది.

మరి ఫిల్మ్ ఎవరికి? మధ్యాహ్నం తలుపులు మూసుకుని ఏసీ వేసుకునే గదికి. భోజనం చేసి పెద్దవాళ్లు నడుం వాల్చే పడమటి గదికి. నీడనిచ్చే చెట్టుగానీ ఎదురు మేడగానీ లేని పై అంతస్తుకు.

అపోహ: ఎంత నల్లగా ఉంటే అంత చల్లగా ఉంటుంది.

ఇదే అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయింది. నలుపును బట్టి తెలిసేది వెలుగు ఎంత ఆగుతుందన్నది మాత్రమే. సూర్యుడి నుంచి వచ్చే శక్తిలో సుమారు సగం కంటికి కనబడని పరారుణ కిరణాలది. నలభై శాతం పైచిలుకు కనబడే వెలుగుది. మిగిలిన కొద్ది శాతం అతినీలలోహిత కిరణాలది. రంగు అద్దిన చవక ఫిల్మ్ వెలుగును పీల్చుకుని పరారుణాన్ని చాలావరకు వదిలేస్తుంది. పీల్చుకున్న వేడి ఎక్కడికీ పోదు. అద్దం కాగి, ఆ వేడిలో కొంత బయటికి, కొంత గదిలోకి వస్తుంది. గది చీకటిగా ఉంటుంది కాబట్టి చల్లగా ఉందనిపిస్తుంది. కొన్నేళ్లకు ఆ రంగు ఊదాగా మారి వెలిసిపోతుంది కూడా.

నానో సిరామిక్ రకాలు ఇందుకు భిన్నం. చూడ్డానికి దాదాపు మామూలు అద్దంలాగే ఉంటూ పరారుణంలో ఎక్కువ భాగాన్ని ఆపుతాయి. లోహపు పూత ఉన్నవి వేడిని వెనక్కి తిప్పికొడతాయి, నిజమే. కానీ గదిలో మొబైల్ సిగ్నల్ తగ్గవచ్చు. ఉప్పుగాలి, తేమ ఉన్న చోట ఆ పూత అంచుల నుంచి తినుకుపోయే ప్రమాదమూ ఉంది. పేరుపాలెం వైపు, మొగల్తూరు వైపు ఉన్న ఇళ్లకు నేనైతే లోహపు రకం చెప్పను.

అపోహ: దుకాణంలో బల్బు పెట్టి చూపించారు, 95 శాతం వేడి ఆగింది.

ఆ ప్రదర్శనలో మోసం లేకపోవచ్చు, కానీ అది మీ కిటికీ గురించి చెప్పదు. వేడి బల్బు ఇచ్చేది ముఖ్యంగా పరారుణమే. పరారుణాన్ని ఆపే ఫిల్మ్ అడ్డం పెడితే చేతికి చల్లగానే తగులుతుంది. ఎండలో పరారుణం సగమే. పైగా ఆ 95 అనే అంకెను కొన్ని కంపెనీలు పరారుణంలోనూ ఒక చిన్న భాగం మీదే కొలిచి రాస్తాయి. పీల్చుకుని తిరిగి గదిలోకి వదిలే వేడిని అందులో లెక్కలోకి తీసుకోకపోవడమూ ఉంది.

అడగాల్సిన అంకె టీఎస్ఈఆర్. అద్దం మీద పడిన మొత్తం సౌరశక్తిలో ఎంత శాతం ఇంట్లోకి రాకుండా ఆగుతుందో అది చెబుతుంది. 95 శాతం పరారుణాన్ని ఆపుతుందన్న ఫిల్మ్ టీఎస్ఈఆర్ 50, 60 దగ్గరే ఉండొచ్చు. ఏ ఫిల్మూ లేని పల్చటి మామూలు అద్దమే దాదాపు 14 శాతాన్ని ఆపుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఒక లెక్క చూద్దాం. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న పడమటి కిటికీ. మే నెలలో సాయంత్రం నాలుగింటికి దాని మీద చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతోందనుకుందాం. మొత్తం 900 వాట్లు. ఉత్త అద్దమైతే అందులో 770 వాట్ల దాకా లోపలికి వస్తుంది, అంటే గదిలో ఇస్త్రీ పెట్టె వేసి వదిలేసినట్టు. టీఎస్ఈఆర్ 50 ఉన్న ఫిల్మ్ వేస్తే 450 వాట్లు వస్తుంది. మిగిలింది 320 వాట్లు. ఒక టన్ను ఏసీ లాగగలిగే వేడి 3,500 వాట్లు, కాబట్టి దాని సామర్థ్యంలో పదో వంతుకు కాస్త తక్కువ బరువు తగ్గింది. ఇది చెప్పుకోదగ్గ మేలు. ఏసీ అక్కర్లేకుండా చేసే మేలు మాత్రం కాదు.

అదే కిటికీకి బయట వెదురు తడకో, వట్టివేళ్ల తట్టో, పొడుగాటి సన్‌షేడో ఉంటే ఎండ అద్దాన్ని తాకకముందే ఆగుతుంది. మన మండువా లోగిళ్లలో చూరు అంత కిందికి దించింది, చుట్టూ వరండా వేసింది అందుకే. లోపలి కర్టెన్ దగ్గర ఆగిన వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసిన వేడి.

అపోహ: వేయిస్తే ఇంటి అద్దాలన్నిటికీ వేయించాలి.

నరసాపురం 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. ఆ మధ్య మూడు నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు నెత్తికి ఉత్తరంగా ఉంటాడు. కాబట్టి తీవ్రమైన వేసవిలో దక్షిణం కిటికీ మీద సూటి ఎండ దాదాపు పడదు. డిసెంబరులో పడుతుంది గానీ అప్పుడు దాన్ని ఎవరూ కాదనరు, కాదనుకున్నా మామూలు సన్‌షేడ్ చాలు. వేసవిలో శ్లాబు మీద పడే ఎండే అన్నిటికంటే ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ కప్పు వేడి గురించే. చేతిలో ఉన్న డబ్బు ఒక్క పనికే సరిపోతుందంటే, మేడ మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించమనే నా సలహా.

తర్వాతి వంతు తూర్పు, పడమర కిటికీలది. పొద్దు వాలాక ఎండ ఏటవాలుగా సన్‌షేడ్ కిందినుంచి దూరి వస్తుంది. దాన్ని పైనున్న శ్లాబు ముక్క ఆపలేదు. అప్పటికే ఇల్లు కాగి ఉంటుంది కాబట్టి పడమటి ఎండ ఎక్కువ బాధపెడుతుంది. జూన్‌లో సూర్యుడు పడమరకు పాతిక డిగ్రీల దాకా ఉత్తరంగా అస్తమిస్తాడు, అందువల్ల ఉత్తరం కిటికీకీ సాయంత్రం కాసేపు ఎండ తగులుతుంది. అంతమాత్రానికి ఫిల్మ్ అనవసరం.

అపోహ: వెలుగు తగ్గితే నష్టమేముంది, ట్యూబులైటు వేసుకుంటాం.

ఈ మాట మరే ఊళ్లోనైనా సర్దుకోవచ్చు, నరసాపురంలో కుదరదు. ఇక్కడి కిటికీ చాలామంది ఆడవాళ్లకు పనిచేసే చోటు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం క్రోషె లేసు ఫ్యాక్టరీల్లో పుట్టలేదు. అరుగుల మీద, వరండాల్లో, కిటికీల పక్కన పుట్టింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఈ లేసు పనివారి మీద ఒక పుస్తకమే రాసింది. ఇంట్లో కూర్చుని ప్రపంచ మార్కెట్‌కు సరుకు తయారుచేస్తున్నా వాళ్లను పనివాళ్లుగా ఎవరూ లెక్కించరన్నది ఆమె ఎత్తిచూపిన అన్యాయం. ఇంటికి ఫిల్మ్ ఎంచుకునేటప్పుడు కూడా అదే జరగడం నాకు బాధగా ఉంటుంది. ఏసీ ఎవరి గదిలో ఉందో చూస్తారు, సూది పట్టుకుని ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూడరు.

తెల్లదారంతో తెల్లటి అల్లిక అల్లాలంటే, కుట్లు లెక్కపెట్టాలంటే పగటి వెలుగు కావాలి. వెలుగును 20 శాతమే రానిచ్చే ఫిల్మ్ వేస్తే పట్టపగలే దీపం వేయాలి. కళ్లు లాగుతాయి, కరెంటూ కాలుతుంది. పిల్లలు చదువుకునే చోటికీ ఇదే మాట. వీఎల్‌టీ అనే అంకె వెలుగు ఎంత వస్తుందో చెబుతుంది. పనిచేసుకునే గదికి అది 50కి తగ్గకుండా చూసుకోండి. ఆ వెలుగు ఉంచుతూనే టీఎస్ఈఆర్ బాగా ఉన్న రకాలు దొరుకుతాయి. ధర ఎక్కువే. అందుకే ఇల్లంతా వేయించే బదులు ఒకటి రెండు కిటికీలకు మంచిది వేయించుకోమనడం.

అపోహ: అద్దంలా మెరిసే ఫిల్మ్ ఉంటే కర్టెన్ అక్కర్లేదు.

పగలు మాత్రమే. వెలుగు ఎక్కువ ఉన్న వైపు అది అద్దంగా కనిపిస్తుంది. రాత్రి లోపల దీపం వెలిగితే వీధిలో వాళ్లకు మీరు కనిపిస్తారు, మీకు మీ ముఖమే కనిపిస్తుంది. స్నానాల గదికైతే మసక అద్దం ఫిల్మ్ వేరే ఉంది.

అపోహ: సుప్రీంకోర్టు నల్ల ఫిల్మ్‌లను నిషేధించింది కదా.

2012 ఏప్రిల్‌లో వచ్చిన ఆ తీర్పు వాహనాల అద్దాల గురించి. ఇంటి కిటికీకి అది వర్తించదు.

అపోహ: ఫిల్మ్ ఉంటే తుపానులో అద్దం పగలదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది కాబట్టి ఈ ప్రశ్న మనకు ఊహ కాదు. ఎండ కోసం వేసే పల్చటి ఫిల్మ్ అద్దాన్ని గట్టిపరచదు. అద్దం పగిలితే ముక్కలు ఎగిరి ఒంటిమీద పడకుండా కొంత పట్టి ఉంచవచ్చు, అంతే. అందుకోసమే తయారైన సేఫ్టీ ఫిల్మ్‌లు మందంగా ఉంటాయి, వాటి అంచును చట్రానికి బిగిస్తేనే అసలు ఫలితం. చట్రమే గోడ నుంచి ఊడివస్తే ఏ ఫిల్మూ ఏమీ చేయలేదు. తీరపు ఇళ్లకు బయట చెక్క రెక్కలు ఉంచుకోవడం ఇప్పటికీ మంచి పద్ధతి. ఎండకూ అవే, గాలికీ అవే.

అపోహ: ఫిల్మ్ వేస్తే అద్దం పగిలిపోతుంది.

ఇందులో సగం నిజం ఉంది. అద్దంలో ఒక భాగం బాగా కాగి, సన్‌షేడ్ నీడలో ఉన్న భాగం చల్లగా ఉంటే లోపల ఒత్తిడి పుడుతుంది. అంచు చెక్కుకుపోయిన అద్దం ఆ ఒత్తిడికి చిట్లుతుంది. వేడిని పీల్చే ముదురు ఫిల్మ్‌ను గోధుమ, నీలం రంగు అద్దం మీద, రెండు పొరల అద్దం మీద, తీగ పొదిగిన అద్దం మీద వేస్తే ప్రమాదం పెరుగుతుంది. మన ఇళ్లలో రంగు అద్దాలు చాలానే ఉన్నాయి. రంగు అద్దం కూడా వేడిని పీల్చేదే కాబట్టి దాని మీద మరో ముదురు పొర తెలివైన పని కాదు. మామూలు తెల్ల అద్దానికి లేత ఫిల్మ్ వేస్తే భయం లేదు, టఫెన్డ్ గ్లాస్ అయితే ఇంకా నిశ్చింత.

అపోహ: ఫిల్మ్ వేస్తే కిటికీ ఎండలో వచ్చే డి విటమిన్ పోతుంది.

డి విటమిన్ తయారవడానికి కావలసిన అతినీలలోహిత బి కిరణాలను మామూలు అద్దమే ఆపేస్తుంది. అద్దం వెనక కూర్చుంటే ఫిల్మ్ ఉన్నా లేకున్నా డి విటమిన్ రాదు. గుడ్డల రంగు వెలిసేలా చేసే ఎ కిరణాలు మాత్రం అద్దం దాటి వస్తాయి, మంచి ఫిల్మ్ వాటిని 99 శాతం దాకా ఆపుతుంది. అలాగని షోకేసులో పెట్టిన రంగు లేసు ఎప్పటికీ వెలవదనుకోకండి. కనబడే వెలుగు కూడా రంగును తింటుంది, నెమ్మదిగా.

ఇక వేయించే రోజుల సంగతి. ఫిల్మ్‌ను నీళ్లు చల్లి అంటిస్తారు. ఆ తడి పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. వానాకాలంలో, తుపానుల నెలల్లో మన గాలిలోనే నీళ్లుంటాయి కాబట్టి ఇంకా ఆలస్యమవుతుంది. మొదట్లో కనిపించే మసక, చిన్న నీటి బుడగలు చూసి గీకేయకండి, అవి ఆరిపోతాయి. దుమ్ము మీద అంటించిన గరుకు మాత్రం ఆరదు, మళ్లీ వేయించాల్సిందే. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు వేయించుకుంటే సరి. నెల రోజుల దాకా తుడవవద్దు. ఆ తర్వాత కూడా మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్లే వాడాలి, అమ్మోనియా ఉన్న క్లీనర్లు వద్దు. బిల్లు మీద ఫిల్మ్ పేరు, వీఎల్‌టీ, టీఎస్ఈఆర్, వారంటీ ఎన్నేళ్లో రాయించుకోండి. రాసివ్వనంటే మరో దుకాణం చూసుకోండి.