తాకకయే వెలుగు దీపము

సంధ్యవేళ ఇంట దీపము పెట్టుట మన పెద్దల యాచారము. ప్రమిదకు వత్తి యెగదోయవలసి యుండెను. లాంతరునకు చిమ్నీ తుడువవలసి యుండెను. విద్యుత్తు వచ్చిన పిదప గోడనున్న మీటను నొక్కిన చాలును. కాని తడిచేతితో మీటను ముట్టుట మిక్కిలి అపాయకరము. తడిసిన చర్మము విద్యుత్తును సులభముగ ప్రవహింపనిచ్చును. మన యిండ్లలోని విద్యుత్తు 230 వోల్టులు. ప్రాణము తీయుటకు అది చాలును. ఈ యపాయమును తగ్గించు సాధనమే తాకనక్కరలేని సెన్సారు మీట.

దీనికి మూలమైన సత్యము 1800వ సంవత్సరమున వెల్లడియైనది. ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజు పట్టకముగుండ ప్రసరింపజేసి, ఒక్కొక్క రంగునందు ఉష్ణమాపకము నుంచి చూచెను. ఎరుపునకు ఆవల, కంటికేమియు గోచరింపని చోట, వేడిమి మరింత హెచ్చుగ నుండెను. ఆ యదృశ్య కిరణములనే పరారుణ కిరణములందురు. మన దేహము సైతము వీనిని ఎల్లప్పుడు వెలువరించుచుండును.

ఈ మీటలలో రెండు విధములు ప్రసిద్ధములు. మొదటిది తానే పరారుణ కిరణములను పంపును. దాని యెదుట కొద్ది దూరమున చేయి యాడించినచో, కిరణములు చేతికి తగిలి మరలి వచ్చును. మీట వానిని గ్రహించి దీపమును వెలిగించును.

రెండవది కిరణములను పంపదు. మన దేహమునుండి వచ్చువానిని మాత్రమే గ్రహించును. వేడిమి మారినప్పుడు విద్యుత్తును పుట్టించు పదార్థము రెండు భాగములుగ దానియందుండును. గదిలోని వేడిమి రెంటిపైనను సమముగ పడినచో ఫలితముండదు. మనుష్యుడు నడచినప్పుడు ఒక భాగముపై ముందు, రెండవదానిపై తరువాత వేడిమి పడును. ఆ భేదమువలన పుట్టిన స్వల్ప విద్యుత్తే దీపమును వెలిగించుటకు సంజ్ఞ యగును. కదలిక లేక కొంతసేపైనచో దీపము తానే ఆరును.

అందుచేత ఈ మీట మనుష్యుని చూచుట లేదు. వేడిమిలోని మార్పునే గుర్తించుచున్నది. కదలక మెదలక చదువుకొను బాలుడు దానికి లేనివాడే! పుస్తకము ముందుండగనే దీపము కొండెక్కవచ్చును. మండువేసవిలో గది వేడిమి దేహపు వేడిమిని సమీపించినప్పుడు దాని నేర్పు తగ్గును. కావున ఇది మెట్లకును, నడవలకును, స్నానపు గదులకును తగినది. చదువు గదికి అంతగ తగదు.

చేతులలో బరువున్న తల్లికి, చీకటిలో తడుముకొను వృద్ధులకు ఇది గొప్ప మేలు. మరచిన దీపము వ్యర్థముగ వెలుగకుండుటయు లాభమే. అయినను ఒక్క మాట మరువరాదు. మీటను తాకకున్నను దాని వెనుక తీగలలో విద్యుత్తు ఉన్నది. దానిని విప్పుటకును, బిగించుటకును ముందు ప్రధానమైన మీటను ఆపుట తప్పనిసరి; ఆ పని తెలిసినవారే చేయవలెను. యంత్రము చేయు పనితోపాటు చేయలేని పనిని కూడ ఎరిగినవానికే అది నిజముగ ఉపకరించును.