తుఫానులో ఫోను మూగబోతే...

ఆపదలో ఉన్న రోగి ప్రాణం నిలబడాలంటే మూడు పనులు వరుసగా జరగాలి. పక్కనున్నవారు ప్రమాదాన్ని గుర్తించాలి. ఆ కబురు సాయం చేయగలవారికి అందాలి. రోగి వేళకు ఆస్పత్రి చేరాలి. మొదటిదాన్ని గురించి ఈ శీర్షికలో చాలాసార్లు చెప్పుకున్నాం. చివరిది అంబులెన్సులవారూ, మా డాక్టర్లూ చూసుకోవలసిన పని. నడుమనున్న కబురు సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. చేతిలో సెల్‌ఫోను ఉందిగదా అని ధీమా!

2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సర్వీసు మొదలైన తర్వాత ఆ ధీమా మరింత పెరిగింది. మామూలు రోజుల్లో అది సబబే. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు అంత పెద్ద నగరంలోనూ ఫోన్లు మూగబోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు, ఎన్నో కుటుంబాలు కరెంటు లేక మేడలమీద బిక్కుబిక్కుమంటూ గడిపాయి.

సెల్‌ఫోను టవరుకు కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీ కొన్ని గంటలు ఆదుకుంటుంది. ఆపైన జనరేటరుకు డీజిలు పోసే మనిషి నీళ్ళు దాటి రావాలి. నేలలో వేసిన తీగ తెగినా, ఊరంతా ఒక్కసారే ఫోన్లు చేసినా మాట కలవదు.

రోగం మాత్రం తుఫాను వెలిసేదాకా ఆగదు. గుండె ఆగిపోతే నాలుగైదు నిమిషాలలోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటలలోపల పడాలి. ఒకసారి వరద రోజుల్లో మా ఆస్పత్రికి ఒక పెద్దావిడను పడవమీద తెచ్చారు. చక్కెర జబ్బు మాత్ర వేసుకుంది, పొయ్యి వెలగక అన్నం తినలేదు. ఒళ్ళు చెమటలు పట్టి, మాట తడబడి, చివరకు స్పృహ తప్పింది. రెండు వీధుల అవతలే రిటైరైన నర్సు ఒకరున్నారు. కబురు ఆమెకు చేరేసరికి ఆరు గంటలు దాటింది. ప్రాణం దక్కింది గాని, ఆ పెద్దావిడకు మునుపటి మాట, నడక తిరిగి రాలేదు. మాట తడబడినప్పుడే ఆ నర్సుకు తెలిసి ఉంటే నాలుగు చెంచాల పంచదార నీళ్ళతో పోయే ప్రమాదమది.

వాకీటాకీ ఏం చేస్తుంది?

పోలీసుల చేతుల్లో చూస్తుంటామే, ఆ వాకీటాకీలలో చిన్న రకం ఇప్పుడు ఎవరైనా కొనుక్కోవచ్చు. దీనికి టవరుతో పనిలేదు. ఒక సెట్టునుంచి మాట నేరుగా రెండో సెట్టుకు వెళుతుంది. నెలనెలా బిల్లు ఉండదు. ఒక జత ఖరీదు కొన్ని వేల రూపాయలు. పది ఇళ్ళవారు కలిసి వేసుకుంటే భారం కాదు.

అయితే చట్టం తెలుసుకుని కొనాలి. మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చిన్న పట్టీలో, అర వాటు మించని శక్తితో పనిచేసే సెట్లకు 2018 నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. కాని ఆ సెట్టు రకానికి టెలికమ్యూనికేషన్ల శాఖ ఆమోదపత్రం ఉండి తీరాలి. బిల్లు, ఆమోదపత్రం నెంబరు అడిగి తీసుకోండి. ఎక్కువ శక్తి గలవి, ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకోగలవి చౌకగా దొరికినా లైసెన్సు లేకుండా వాడితే నేరం. అవి పోలీసు, విమాన సర్వీసుల మాటలకు అడ్డుపడగలవు. ఆన్‌లైనులో ఇలాంటి అమ్మకాలు మితిమీరడంతో 2025లో కేంద్ర ప్రభుత్వం వాటిపై మార్గదర్శకాలు కూడా తెచ్చింది.

పెట్టెమీద ‘పది కిలోమీటర్లు’ అని రాసి ఉంటే నమ్మకండి. అది అడ్డులేని మైదానం లెక్క. మేడలు, ఇనుప షట్టర్లు నిండిన పేటలో కిలోమీటరు అందితే గొప్ప. ఒకరు ఇంట్లో ఉండి, మరొకరు సెట్టుతో వీధులు తిరిగి, మాట ఎక్కడ తెగుతోందో కాగితంమీద గుర్తు పెట్టుకోండి. కింది గదిలో అందని మాట డాబామీదికి వెళితే అందుతుంది. రెండు చివరల మధ్య మాట కలవకపోతే నడుమ ఎత్తయిన మేడలో ఒక సెట్టు ఉంచి, అక్కడివారు విన్నది అవతలికి చెప్పాలి.

పేటలో ఏర్పాటు ఇలా

ముప్పై నలభై ఇళ్ళ పేటకు నాలుగైదు సెట్లు చాలు. ఒకటి ఎత్తయిన మేడలో ఉండాలి; దీన్ని కేంద్రం అనుకుందాం. ఒకటి నర్సో, కాంపౌండరో, మందుల షాపువారో ఉన్న ఇంట్లో, ఒకటి ముంపుకు ముందు గురయ్యే పల్లపు వీధిలో, ఒకటి మోటారు సైకిలు, ధైర్యం రెండూ ఉన్న కుర్రవాడి దగ్గర ఉంచండి. ఈ కుర్రవాడు ముఖ్యం. వాకీటాకీ 108కి కలవదు. ఫోను పనిచేసే చోటికో, ఆస్పత్రికో, పడవలున్న చోటికో మనిషి వెళ్ళవలసిందే.

కేంద్రం ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఒంటరిగా ఉండే వృద్ధులు, నెలలు నిండిన గర్భిణులు, ఇన్సులిన్ వాడేవారు, డయాలసిస్‌కు వెళ్ళేవారు, ఆక్సిజన్ యంత్రంమీద ఉన్నవారు, మూర్ఛ ఉన్నవారు — వారి ఇష్టంతోనే — ఏ ఇంట్లో ఉన్నారో వరుస నెంబర్లు వేసి రాయండి. తుఫాను హెచ్చరిక రాగానే డయాలసిస్, ఆక్సిజన్ రోగులను, నెలలు నిండినవారిని ముందే ఆస్పత్రి దగ్గరకు చేర్చాలి. నీళ్ళు వచ్చాక వారికి ఏ రేడియోతోనూ పెద్ద సాయం చేయలేం.

అన్ని సెట్లూ ఒకే చానెల్‌లో ఉండాలి. ‘ప్రైవసీ కోడ్’ అనేది మాటను దాచదు, ఇతరుల మాటలు మీకు వినపడకుండా చేస్తుందంతే. ఒక సెట్టులో ఒక కోడు, మరో దానిలో మరో కోడు ఉంటే మీ కేక మీవాళ్ళకే వినపడదు. దాన్ని తీసివేయడం మేలు. మాట ఎవరైనా వినవచ్చు కనుక రోగి పేరు, జబ్బు పేరు చాటకండి. ‘పుస్తకంలో ఏడో నెంబరు’ అంటే చాలు.

ఎలా మాట్లాడాలి?

సెట్టు నిటారుగా, నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకోండి. మీట నొక్కి, ఒక్క క్షణం ఆగి మాట్లాడండి. లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు వినాలి. చివర ‘చెప్పండి’ అని మీట వదలండి. ఉదాహరణకు:

“కేంద్రం, కేంద్రం... చెరువు వీధి పిలుస్తోంది. చెప్పండి.”

“కేంద్రం వింటోంది, అక్కయ్యగారూ. చెప్పండి.”

“పన్నెండో నెంబరు ఇల్లు, మగమనిషి, అరవై ఏళ్ళు. ఆరున్నరకు మూతి వంకరపోయింది, కుడిచెయ్యి లేవడం లేదు. తెలివి ఉంది, ఊపిరి ఆడుతోంది. మోకాలి లోతు నీళ్ళు. చెప్పండి.”

ఎక్కడ, ఎవరికి, ఏమైంది, ఎప్పటినుంచి, స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా, దారి ఎలా ఉంది — ఈ ఏడూ చాలు. కేంద్రంవారు విన్నది తిరిగి చదివి వినిపించాలి. టైము తప్పక రాసుకోవాలి. పక్షవాతానికి ఇంజెక్షను ఇవ్వవచ్చునా లేదా అని మేము తేల్చుకునేది ఆ టైమునుబట్టే.

అవతలినుంచి చెప్పవలసినవి

పక్షవాతమైతే నోట్లో ఏమీ పోయవద్దు, నీళ్ళయినా సరే. చక్కెర జబ్బు మనిషికి చెమటలు, తడబాటు కనిపించి మింగగలిగితే వెంటనే పంచదార. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పెట్టకూడదు. పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలనీయక, విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆస్పత్రికి మోసుకువెళ్ళాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. పిలిచినా పలకక, ఊపిరి మామూలుగా ఆడకపోతే ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాలు దిగేలా నొక్కుతూ ఉండాలి.

బ్యాటరీ సంగతి

నెలల తరబడి బీరువాలో పడి ఉన్న సెట్టు అవసరానికి పలకదు. ప్రతినెలా మొదటి ఆదివారం సాయంత్రం అందరూ పది నిమిషాలు మాట్లాడి, చార్జి చేసి పెట్టండి. ఆ రోజు గృహిణులు, పిల్లలు కూడా మాట్లాడాలి. ఆపద వచ్చినప్పుడు ఇంట్లో ఉండేది వారే కావచ్చు. విపత్తులో కేంద్రం సెట్టు ఎప్పుడూ తెరిచి ఉంచి, మిగిలినవారు ప్రతి గంటా మొదటి అయిదు నిమిషాలు విని ఆపుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. ఆపదలో ఉన్నవారు మాత్రం ఏ క్షణమైనా పిలవవచ్చు. సెట్టును పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టండి, మాట వినపడుతుంది.

దూరాభారం మాట్లాడాలంటే హామ్ రేడియో ఉంది. పన్నెండేళ్ళు నిండినవారు పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. 2004 డిసెంబరు 26 సునామీలో అండమాన్‌లో ఉన్న భారతీ ప్రసాద్, ఆమె బృందం హామ్ రేడియోమీదనే ఎందరి క్షేమ సమాచారాలనో వారివారికి అందించారు. ఆ బృందాన్ని పంపింది మన హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. మీ పేటలో ఒక్క కాలేజీ కుర్రవాడికైనా ఈ లైసెన్సు ఉంటే ఊరికే మేలు.

తరచు అడిగే సందేహాలు

ప్రశ్న: మా నాన్నగారికి పేస్‌మేకరు ఉంది. సెట్టు వాడవచ్చునా?
జవాబు: వాడవచ్చు. ఛాతీకి కనీసం జానెడు దూరంలో, పేస్‌మేకరు లేని వైపు చేతితో పట్టుకోవాలి. చొక్కా జేబులో పెట్టుకోకూడదు.

ప్రశ్న: ఆక్సిజన్ యంత్రం ఉన్న గదిలో మాట్లాడవచ్చునా?
జవాబు: వైద్య పరికరాలకు కొన్ని అడుగులు దూరం జరిగి మాట్లాడండి. చార్జింగు వేరే గదిలో పెట్టండి.

ప్రశ్న: ఫోను పనిచేస్తుండగా దీనిమీద పిలవాలా?
జవాబు: ముందు 108కి ఫోను చేయండి. ఆ తర్వాత దీనిమీద ఇరుగుపొరుగును పిలవండి. అంబులెన్సు వచ్చేలోపల ఛాతీ నొక్కవలసినవారు, వీధి మొగలో నిలబడి దారి చూపవలసినవారు వారే.